ఎడమ రెక్క

డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం బస్సు డ్రైవరు స్టూలెక్కి, బీరువా మీదున్న అట్టపెట్టెలను ఒక్కొక్కటిగా కిందికి అందించాడు. పిన్ని వాటిని అందుకుని నేల మీద పెట్టింది. ఆ ఇంట్లో ఆమెను పిల్లలు పిన్ని అనేవారు, పిల్లల్ని చూసి పెద్దలూ అలాగే అనేవారు. డ్రైవరును పెళ్లి చేసుకుని ఆమె ఆ మూడో అంతస్తు ఇంటికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పిల్లలిద్దరూ అతని మొదటి భార్య పిల్లలు. పెద్దదానికి ఆరేళ్లు. కాలు ఒకచోట నిలవదు, నోరు మూతపడదు కాబట్టి దాన్ని పిచ్చుక అంటారు. చిన్నవాడికి మూడేళ్లు. పుట్టినప్పుడు తల మీద ఒక్క వెంట్రుకైనా లేదని గుండు అన్నారు. ఇప్పుడు ఒత్తుగా జుట్టు వచ్చినా ఆ పేరు మాత్రం ఊడలేదు.

పెట్టెల్లో రంగు కాగితాల గొలుసులు, నలిగిన జరీ తోరణాలు, మంచుకు బదులు వాడే దూది, క్రిస్మస్ తాత గడ్డం ఉన్నాయి. గుండు ఆ గడ్డాన్ని నెత్తికి తగిలించుకుని ఇల్లంతా తిరగసాగాడు. ఆఖరున ఒక పెట్టె మిగిలింది. దానికి తెల్లని రిబ్బను కట్టి ఉంది. డ్రైవరు దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, మళ్లీ వెనక్కి జరపబోయాడు.

"ఇది వద్దులే. ఇందులో ఏం లేవు."

"అది నాది!" అంటూ పిచ్చుక స్టూలును పట్టుకుని ఊపేసింది. "దించు నాన్నా! టీచరమ్మ క్రిస్మస్ నాటకంలో నన్ను దేవదూతని చేసింది. నా రెక్కలు అందులోనే ఉన్నాయి. అమ్మ కుడుతోందిగా!"

కుట్టింది అనలేదు, కుడుతోంది అంది.

డ్రైవరు పెట్టెను భార్య చేతికిచ్చి, స్టూలు దిగి, బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

పిన్ని రిబ్బను విప్పింది. పాత దుప్పటి మడతలో రెండు రెక్కలు. గట్టి బక్రం గుడ్డను రెక్క ఆకారంలో కత్తిరించి, దాని మీద తెల్లని ఫెల్టు గుడ్డతో చేసిన ఈకల్ని ఒక్కొక్కటే కుట్టారు. కుడి రెక్క పూర్తయింది. ఆ కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత సన్నగా ఉంది. పిన్ని కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా ఆమె కంటికి ఆనుతుంది. ఆ కుట్టులో ఆమెకు ఎక్కడా వంక కనబడలేదు. ఎడమ రెక్కకు పై వరస ఈకలు మాత్రమే ఉన్నాయి. వరస చివరి ఈకలో సూది అలాగే గుచ్చి ఉంది. దాని కంట్లో దారం వేలాడుతోంది. సూది చుట్టూ ఫెల్టు మీద తుప్పు మరక గోధుమరంగులో పాకింది.

రెండు క్రిస్మస్‌ల కిందట, జ్వరమని ఆస్పత్రికి వెళ్లిన ఆ తల్లి మరి తిరిగి రాలేదు. ఈ సంగతి పిన్నికి తెలుసు. సూదిని గుచ్చిన చోటే వదిలేసి వెళ్లిందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

"మిగతాది నేను కుట్టనా?" అని అడిగింది పిచ్చుకను.

పిచ్చుక సూది వంక చూసింది. అవుననలేదు, కాదనలేదు. ఎప్పుడూ గలగలలాడే పిల్ల అంత మౌనంగా ఉండటం పిన్నికి వింతగానే తోచింది. కానీ తమ్ముడు దూది నోట్లో పెట్టుకోవడంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు దుకాణం నుంచి వచ్చాక పిన్ని కొత్త సూదికి దారం ఎక్కించి, ఒక వరస ఈకలు కుట్టింది. పాత సూదిని ముట్టుకోవడానికి మనసొప్పక దాన్ని అలాగే ఉంచింది. పక్కగదిలో మూల కుట్టుమిషను ఉంది. దాని ముందు, తల్లి కూర్చునే వీపు విరిగిన కుర్చీ. పిన్ని ఎప్పుడూ అందులో కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు. అయినా భోజనాల బల్ల దగ్గరే కుట్టుకుని, రెక్కను తీసుకెళ్లి ఆ కుర్చీలో పెట్టింది.

తెల్లవారి చూస్తే ఆమె కుట్టిన ఈకలన్నీ ఊడి ఉన్నాయి. చిరగలేదు. దారాన్ని జాగ్రత్తగా కత్తిరించి, ఈకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచారు. పాత సూది మాత్రం తన చోట తాను ఉంది.

డ్రైవరు యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ వచ్చి చూశాడు. అతని చేతులు మెడ దగ్గర ఆగిపోయాయి.

"కుట్టు సరిగ్గా పడలేదేమో," అన్నాడు.

"పడకపోతే ఊడి కింద పడతాయి. ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చోవుగా."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "వదిలెయ్. బజార్లో రెడీమేడ్ రెక్కలు దొరుకుతాయి," అని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.

పిన్నికి పట్టుదల పెరిగింది. ఆ సాయంత్రం దారం రెండు పేటలు వేసి మళ్లీ కుట్టింది. మళ్లీ ఊడాయి. తరవాత ఇంకోసారి కుట్టింది. ఈసారి ఈకలు ఊడటమే కాదు, బక్రం మీద ఆమె సూది పడిన రంధ్రాలు కూడా వేలితో రుద్ది పూడ్చినట్టు కనబడకుండా పోయాయి. పిన్ని తన దుకాణం భూతద్దం పెట్టి వెతికింది. ఆ గుడ్డ మీద ఆమె సూదీదారం ఎన్నడూ పడనట్టే ఉంది.

ఆ వారమంతా ఇంట్లో మరో సంగతి జరుగుతూ వచ్చింది. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే కమలాపండు తొక్క వెచ్చబడిన వాసన తగిలేది. వంటింట్లో కమలాపళ్లు లేవు. మొదట పక్కింటివాళ్లు కేకు చేస్తున్నారేమో అనుకుంది. పక్కింటి తలుపుకు వారం నుంచీ తాళం వేసి ఉంది.

పిల్లల్ని పగలు చూసుకునేది వాళ్ల అమ్మమ్మ, అంటే చనిపోయినావిడ తల్లి. రెండు వీధుల అవతల ఉంటుంది. పొద్దున వచ్చి, పిన్ని ఇంటికి చేరాక వెళ్తుంది. పిన్నితో ముక్తసరిగా మాట్లాడుతుందే తప్ప చెడ్డది కాదు. కూతురి గిన్నెల్లో ఇంకొకతె వండుతుంటే ఏ తల్లికైనా మాట పెగలదు కదా అని పిన్ని సరిపెట్టుకునేది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ వెళ్లబోతూ చెప్పులు తొడుక్కోకుండా గుమ్మంలో నిలబడింది.

"అమ్మాయ్, ఆ రెక్క జోలికి పోకు."

"ఎందుకండీ?"

"దానికి ఇష్టం లేదు."

ఎవరికని పిన్ని అడగలేదు. "మీకూ వాసనొస్తోందా?" అంది.

అమ్మమ్మ గోడ పట్టుకుని చెప్పులు తొడుక్కుంది. "నా కూతురికి కమలాతొక్కలు పొయ్యి పక్కన ఎండబెట్టే అలవాటు. కేకులోకి," అని మెట్లు దిగిపోయింది.

ఆ మాటతో పిన్నికి ఇల్లు మారిపోయింది. అల్మరా తలుపు తీసేముందు కొంచెం ఆగడం మొదలుపెట్టింది, లోపల ఎవరైనా బట్టలు మార్చుకుంటుంటే ఇబ్బంది పెట్టకూడదన్నట్టు. అద్దంలో తల దువ్వుకుంటూ పక్కకు జరిగి నిలబడేది. ఒకరోజు గరిటె కోసం సొరుగు లాగి, "క్షమించండి" అని పైకే అనేసింది. తన మాట తనకే వినబడి సొరుగు మూసేసింది.

శనివారం పిల్లలతో అల్లం బిస్కెట్లు చేసింది. పిచ్చుక పిండిని అప్పడాల కర్రతో పరుస్తుంటే గుండు నక్షత్రం అచ్చు, గంట అచ్చు ఎడాపెడా గుద్దేశాడు. సగం నక్షత్రాలకు కొమ్ములు లేవు. ఓవెన్ నుంచి తీసి చల్లారబెట్టాక పిన్ని ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. గుండు ఇంకొకటి అందుకుని, కుట్టుమిషను గదిలోకి గబగబా వెళ్లి, విరిగిన కుర్చీ మీద పెట్టి వచ్చాడు.

"అక్కడెందుకురా?"

"ఇమ్మంది," అన్నాడు వాడు, రెండు బుగ్గలూ నింపుకుని.

"ఎవర్రా?"

వాడు ఆ ప్రశ్న పట్టించుకోకుండా పిండి చేతుల్ని ఆమె చీరకు తుడిచేశాడు. పిన్ని పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక తలెత్తకుండా పిండి పరుస్తోంది. ఆ పిండి కాగితమంత పలచబడింది.

నాటకం దగ్గర పడుతుండగా, అమ్మమ్మ వద్దన్నా పిన్ని ఒక రాత్రి మరో వరస కుట్టి పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయింది. యంత్రాలు తిరగవు కాబట్టి యజమాని అందర్నీ ఇంటికి పంపేశాడు. పిన్ని మెల్లగా తాళం తీసింది. ముందుగదిలో అమ్మమ్మ గుండును పక్కలో వేసుకుని గాఢనిద్రలో ఉంది. కమలాతొక్క వాసన వస్తోంది. పక్కగదిలోంచి చిన్న చప్పుడు వినబడింది. టిక్కుమని దారం తెగే చప్పుడు. కాస్త ఆగి మళ్లీ టిక్కు.

పిన్నికి వెనక్కి తిరిగి మెట్లు దిగి పోదామనిపించింది. కానీ పిల్లలున్న ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది? తలుపును వేలితో తోసింది.

విరిగిన కుర్చీలో ఎవరో అటు తిరిగి కూర్చుని ఉన్నారు. బూడిదరంగు స్వెటరు. పిన్ని ఆ స్వెటరును ఫొటోలో చూసింది. అది చనిపోయినావిడది. దాని పొడవాటి చేతులు కిందికి వేలాడుతూ ఊగుతున్నాయి, లోపల మనిషి చేతులే లేనట్టు. తల కనబడటం లేదు.

పిన్ని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆ స్వెటరు ఉలిక్కిపడి తిరిగింది. మెడ లోపలినుంచి పిచ్చుక ముఖం బయటకు వచ్చింది, ముక్కు మీద జారుతున్న అమ్మమ్మ పెద్ద కళ్లజోడుతో. చేతిలో చిన్న కత్తెర, ఒళ్లో ఎడమ రెక్క.

పిన్ని గోడకు చేరగిలబడి కింద కూర్చుండిపోయింది. పిచ్చుకే ముందు మాట్లాడింది.

"నాన్నకి చెప్తావా?"

"చెప్పను. ఎందుకు విప్పుతున్నావురా తల్లీ? నేను కుట్టడం నీకిష్టం లేదా?"

"ఇష్టమే."

"మరి?"

పిచ్చుక కత్తెరను తెరుస్తూ మూస్తూ కూర్చుంది. "అమ్మ వెళ్లేటప్పుడు చెప్పింది, 'ఇదిగో వచ్చేస్తా, వచ్చి పూర్తి చేస్తా' అని. నువ్వు పూర్తి చేసేస్తే ఇంక అమ్మ ఎందుకొస్తుంది?"

ఆ పిల్లతో ఎవరూ చనిపోయిందన్న మాట అనలేదని పిన్నికి తెలుసు. దేవుడి దగ్గరికి వెళ్లిందని చెప్పారు. ఆ పిల్ల లెక్కలో వెళ్లినవాళ్లు రావడం మామూలే. వాళ్ల నాన్న రోజూ వెళ్లి వస్తూనే ఉన్నాడు.

"అన్నిసార్లూ నువ్వే విప్పావా?"

"రెండుసార్లు విప్పా. ఇవాళ ఇంకోసారి."

"మరి మూడోసారిది? ఆ రంధ్రాలు కూడా..."

"ఆ మూడోసారిది నేను కాదు," అంది పిచ్చుక మామూలుగా. "నేను లేచేసరికే విప్పేసి ఉంది." ఆ తరవాత ముక్కు ఎగబీల్చి, ఆశగా చూసింది. "పిన్నీ, నీకూ వస్తోందా వాసన?"

"వస్తోంది."

పిచ్చుక ముఖం విప్పారింది. కుర్చీ దిగి, స్వెటరును ఈడ్చుకుంటూ వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది. "నాన్నకి రాదు. ఎన్నిసార్లడిగినా లేదంటాడు. నాకు, అమ్మమ్మకి, గుండుగాడికే వస్తుంది. ఇప్పుడు నీకు కూడా."

ఆ ఇంటికి వచ్చాక ఆ పిల్ల తనంతట తాను వచ్చి ఆనుకోవడం అదే మొదలు. పిన్నికి ఏడుపొచ్చింది, భయమూ పోలేదు. ఆ రెండింటితోనే చెయ్యి చాపి పిల్లను దగ్గరికి తీసుకుంది.

అమ్మమ్మ లేచాక పిన్ని ఆవిడను వంటింట్లోకి పిలిచి, ఆ రెక్కను మీరేమైనా విప్పారా అని అడిగింది.

"నేనా? నాకు సూది బెజ్జమే కనబడదు. నా కళ్లజోడు చేసింది నువ్వేగా," అంది ఆవిడ.

నిజమే. ఆ అద్దాలు ఎంత మందమో పిన్నికి తెలుసు.

డ్రైవరు డ్యూటీ దిగి వచ్చాక పిన్ని అతన్ని బాల్కనీలో నిలబెట్టి, పిల్ల అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పింది. నాన్నకి చెప్పనని పిల్లకు ఇచ్చిన మాట తప్పుతున్నానే అన్న మీమాంస కూడా పెట్టుకోలేదు. అతను కింద రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ విన్నాడు.

"నువ్వు చెప్పాలి దానికి," అంది పిన్ని.

"ఏం చెప్పను? ఎలా చెప్పను? నాకే నోట మాట రాదు." అతను రెయిలింగును గట్టిగా పట్టుకున్నాడు. "నాకు వాసన రాదనుకుంటున్నావా? వస్తుంది. వస్తుందని చెప్తే అది ఆశ పెట్టుకుంటుందని రాదంటా."

నాటకానికి ముందురోజు ఎడమ రెక్క కనబడలేదు. పెట్టెలో లేదు, కుర్చీలో లేదు. దుప్పటి మడత మాత్రం ఖాళీగా ఉంది. సూది కూడా లేదు.

"అమ్మ తీసుకెళ్లింది!" అని పిచ్చుక ఇల్లంతా గెంతింది. "కుట్టి తెస్తుంది!"

అమ్మమ్మ కూలబడి, పెదాలు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టింది. పిచ్చుక తెల్ల గౌను తొడుక్కుంది. పాత గౌను చాలక పిన్ని పక్కల్లో కొత్త గుడ్డ కలిపి వదులు చేసిన గౌను అది. ముందు తలుపు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అన్నానికి రమ్మంటే రాలేదు. మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా లేచి నిలబడేది. పాలవాడు వచ్చాడు, పై అంతస్తు ముసలాయన వచ్చాడు. ప్రతిసారీ తలుపు తీసి చూసి మళ్లీ కూర్చుంది. పొద్దు వాలేసరికి పిన్ని ఆ పిల్లను చూడలేకపోయింది. నిజంగానే మెట్ల మీద ఆ అడుగులు వినబడితే ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. ఎదురెళ్లి తలుపు తియ్యాలా? గడియ వెయ్యాలా? తను ఎక్కడ నిలబడాలి?

మర్నాడు పొద్దున్నే పిచ్చుక కేక విని అందరూ లేచారు. విరిగిన కుర్చీలో ఎడమ రెక్క ఉంది. కింది దాకా ఈకలున్నాయి.

పిచ్చుక దాన్ని రెండు చేతులా ఎత్తి, కిటికీ వెలుగులోకి తీసుకెళ్లింది. ఎవరూ దగ్గరికి పోలేదు. ఆమె ఈక ఈకనూ తడిమింది. తరవాత కుడి రెక్క తెచ్చి పక్కన పెట్టుకుంది. ఎడమ రెక్క కుట్లు కుంటుకుంటూ నడిచినట్టున్నాయి. కొన్ని ఈకలు తలకిందులుగా ఉన్నాయి. తెల్లదారం మధ్యలో అయిపోయిందేమో, కింది రెండు వరసలకు నల్లదారం పడింది. ఒకచోట రక్తపు చుక్క ఎండి ఉంది.

"అమ్మ ఇలా కుట్టదు," అంది.

డ్రైవరు తలుపు దగ్గర నిలబడి చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"చేతులు చూపించు నాన్నా."

అతను చూపించాడు. ఎడమచేతి వేళ్లకు రెండింటికి ప్లాస్టరు చుట్టి ఉంది. ముందురోజంతా చివరి స్టాపులో బస్సు ఆపిన ప్రతిసారీ డ్రైవరు సీట్లో కూర్చుని కుట్టాడు. కండక్టరు ముందు నవ్వి, తరవాత ఈకలు పట్టుకుని సాయం చేశాడట. ఆ సంగతి పిన్నికి తరవాత తెలిసింది.

"అమ్మ కుట్టిందనుకుంటావని..." అని మొదలుపెట్టి అతను ఆగిపోయాడు. నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నేనే కుట్టాను తల్లీ. అమ్మ రాలేదు. రాదు. చచ్చిపోయింది రా అమ్మ. అందుకే రాదు. రాగలిగితే ఎప్పుడో వచ్చుండేది."

పిచ్చుక రెక్కను అతని మీదికి విసిరింది. పిడికిళ్లతో అతని ఛాతీ మీద, ముఖం మీద కొట్టింది. అతను తప్పుకోలేదు. కొట్టి కొట్టి, అతని మెడ పట్టుకుని ఏడ్చింది. తల్లి పోయిన రోజున కూడా ఆ పిల్ల అలా ఏడవలేదని తరవాత అమ్మమ్మ చెప్పింది. గుండు ఏం జరిగిందో తెలియక, అందరూ ఏడుస్తున్నారు కాబట్టి తనూ గొంతు కలిపాడు. అమ్మమ్మ ఏడుస్తూనే పక్కకు జరిగి, తన పక్కన పిన్నికి చోటిచ్చింది.

నాటకానికి పిచ్చుక వెళ్లనంటుందేమో అనుకున్నారు. ముఖం కడుక్కుని వచ్చి, "కట్టండి," అంది. పిన్ని ఎలాస్టిక్ పట్టీలు భుజాలకు తగిలించింది. నల్లదారాన్ని మార్చనా అని అడిగితే వద్దంది.

స్కూలు హాలులో కాగితం నక్షత్రాలు, అట్టతో చేసిన పశువుల పాక, గోనెపట్టా కప్పుకున్న కాపరులు, దూది అంటించిన గొర్రెలు. ఒక గొర్రె తోక మొదటి సీనులోనే ఊడిపోయింది. దేవదూత వేదిక మీదికి వచ్చినప్పుడు ఒక రెక్క పొందిగ్గా, ఇంకొకటి వాలిపోయి ఉంది. "భయపడకండి," అనేది ఆమె మొదటి మాట. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, నవ్వకుండా, ఎదుట ఉన్నవాళ్లందర్నీ ఒక్కసారి చూసి ఆ మాట అంది. అల్లరి చేస్తున్న పిల్లలు కూడా ఊరుకున్నారు. పిన్ని పక్కన డ్రైవరు తల వంచుకున్నాడు.

క్రిస్మస్ ముందురోజు పిన్ని, పిచ్చుక కలిసి అల్లం బిస్కెట్టు పలకలతో ఇల్లు కట్టారు. గోడలకు ఐసింగ్ పూసి నిలబెట్టారు. పిచ్చుక కిటికీలకు రంగు చాక్లెట్లు అంటిస్తూ, తల తిప్పకుండానే అడిగింది.

"పిన్నీ, నువ్వు కూడా ఎప్పుడైనా ఆస్పత్రికి వెళ్తావా?"

"వెళ్లాల్సొస్తే వెళ్తాను."

"నాకు చెప్పి వెళ్లు."

"చెప్పే వెళ్తాను."

పిచ్చుక ఒక చాక్లెట్ పీకి, సరిగ్గా మధ్యలోకి జరిపి మళ్లీ అంటించింది.

"వచ్చేస్తా అని మాత్రం చెప్పకు."

పిన్ని చేతిలో ఐసింగ్ సంచి ఆగిపోయింది. వంటింట్లో పొయ్యి వెలుగుతోంది, కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. ఏదో ఒకటి చెప్పి ఆ పిల్లను ఊరడించాలనిపించింది. కానీ ఊరడించే మాటలన్నీ ఎవరో ఒకరు ఇదివరకే ఆ పిల్లకు చెప్పినవే.

"సరే," అంది. "చెప్పను."

ఈలోగా గుండు వచ్చి ఇంటి తలుపు తినేశాడు.